మసి తుడిచిన కూలి

బాబుపేట్‌లో ఒక వంటిల్లు. గట్టు మీద పాత పేపర్లు పరిచారు. గ్యాస్‌పొయ్యిని పక్క గదిలోకి జరిపారు. గోడకున్న కరెంటు చిమ్నీని సర్వీసు కుర్రాడు విప్పి, జాలీలను వేడినీళ్ల బకెట్లో నానబెట్టాడు. లోపల ఫ్యాను రెక్కల మీద నూనె, మసి కలిసి తారులా గడ్డకట్టి ఉంది.

“ఎన్నేండ్లయిందక్కా, ఇది విప్పి?”

“బిగించిన నాడు చూసిందే తమ్మీ. మళ్ల ఎవలు చూసిన్రు!”

గంటన్నర పని. చివరికి ఎనిమిది వందలు అనేసరికి ఇంటాయన ముఖం చిన్నబోయింది. “గింత మసి తుడిస్తే ఎనిమిది వందలా?”

ఆ మాటలో పిసినారితనం వెతకనక్కర్లేదు. ఊరేదైనా, భాష ఏదైనా, అలాంటి బిల్లు చేతికొచ్చినప్పుడు మనలో చాలామంది అనేది అదే. పదీ పదిహేను వేలు పోసి చిమ్నీ కొన్న రోజున ఇదే మనిషి వెనకాడలేదు. పెట్టెలోంచి తీసిన కొత్త వస్తువు కళ్లకు కనిపిస్తుంది. దాని లోపల పేరుకున్న మసి కనిపించదు, తీసేశాక అసలే కనిపించదు. కనిపించని దానికి డబ్బివ్వడం ఎవరికైనా కష్టమే. అయినా ఇంటాయన అడిగిన ప్రశ్న కొట్టిపారేయదగ్గది కాదు. మసి తుడిచినందుకు ఎంత ఇవ్వాలి? అసలు ఎందుకివ్వాలి?

మసి సంగతి బాబుపేట్‌కు ఎవరూ కొత్తగా చెప్పనవసరం లేదు. మహారాష్ట్రలో చంద్రపూర్ నుంచి బల్లార్షాకు వెళ్లే రైలు దారిలో, రెంటికీ మధ్య వచ్చే స్టేషన్ ఇది. పక్కనే లాల్‌పేట్ బొగ్గు గని. బొగ్గు గనుల కోసం, బల్లార్‌పూర్ కాగితం మిల్లు కోసం, రైల్వే పనుల కోసం వార్ధా, ప్రాణహిత నదులు దాటి వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ జిల్లాలో తరాలుగా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, డ్యూటీలో హిందీ. ఊరి పేరు కాగితాల్లో చంద్రపూర్ అయినా పెద్దవాళ్ల నోట ఇంకా చాందాయే. డ్యూటీ దిగి వచ్చిన మనిషి చెవుల వెనక, గోళ్ల కింద మిగిలే నలుపును సబ్బుతో తోమి తోమి వదిలించిన ఇళ్లివి. తెల్లచొక్కా తీగ మీద ఆరేస్తే సాయంత్రానికి ఏ రంగుకు తిరుగుతుందో ఇక్కడి ఇల్లాళ్లకు తెలుసు.

ఇక్కడి మరాఠీలో చిమణీ అంటే ముందు గుర్తొచ్చేది పిచ్చుక. కాకి ఇల్లు వానకు కొట్టుకుపోతే చిమణీ ఇల్లు నిలబడిన కథ వినకుండా మరాఠీ పిల్లలెవరూ పెరగరు. కిరసనాయిలు బుడ్డికీ అదే పేరు, పొగగొట్టానికీ అదే పేరు. ‘ధురాడే’ అని పొగగొట్టానికి మరో మాట ఉన్నా, వంటింటి పెట్టెకు మాత్రం చిమణీయే స్థిరపడింది. మన తెలుగులోనూ చిమ్నీ అన్నమాట వంటింట్లోకి నిన్న మొన్న వచ్చింది గానీ, అంతకుముందు చాలాకాలం లాంతరు గాజుకే ఆ పేరు. మన ఇళ్లలో మొట్టమొదట శుభ్రం చేసిన చిమ్నీ అదే.

యాభై దాటినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. పొద్దు వాలేవేళ లాంతర్లన్నీ అరుగు మీదికి వచ్చేవి. గాజు చిమ్నీని జాగ్రత్తగా తీసి, లోపలికి నోటి ఆవిరి ఊది, మెత్తటి బూడిదో ముగ్గుపిండో అద్దిన పాత చీరగుడ్డతో తిప్పి తిప్పి తుడవాలి. ఒత్తి అంచు కత్తిరించాలి. గాజు పగిలితే వీపు పగిలేది. పెద్దవాళ్ల చెయ్యి గాజులో పట్టదు కాబట్టి ఆ పని పిల్లలకు పడేది. దానికి కూలి లేదు. అంతకంటే చవకగా చిమ్నీ శుభ్రం చేయించిన కాలం ఇంకొకటి లేదు. అయినా ఆ పనిని ఒక్కరోజూ మానేవాళ్లం కాదు. మానితే ఆ రాత్రే తెలిసిపోయేది, దీపం గుడ్డిదై అన్నంలో రాయి కనపడేది కాదు. మసి పట్టిన సంగతి వెంటనే తెలిసేలా ఉన్న చిమ్నీ అదొక్కటే.

చిన్న చెయ్యి లోపలికి పడుతుందన్న ఈ లెక్కే ఇంకోచోట చాలా ఘోరమైన రూపం తీసుకుంది. లండన్‌లో 1666లో పెద్ద అగ్నిప్రమాదం తర్వాత ఇళ్లు ఇటుకతో కట్టారు. బొగ్గు వాడకం పెరిగేకొద్దీ పొగ దారులు ఇరుకై, వంకరలు తిరిగాయి. పెద్దవాళ్లు పట్టని ఆ సందుల్లోకి పేదింటి పసివాళ్లను ఎక్కించారు. మోచేతులూ మోకాళ్లూ గోడకు తన్నిపెట్టి పాకుతూ, తలమీద రాలే మసిని గోకుతూ పైకి పోవాలి. ఆరేడేళ్ల పిల్లలూ ఆ పనిలో ఉండేవారు. ఆ మసి చర్మపు మడతల్లో చేరి పెద్దయ్యాక వృషణాల సంచికి క్యాన్సర్ తెస్తోందని పెర్సివల్ పాట్ అనే శస్త్రవైద్యుడు 1775లో రాశాడు. చేసే పని వల్ల క్యాన్సర్ వస్తుందని వైద్యం గుర్తించిన తొలి సందర్భంగా దాన్ని చెబుతారు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలను పెట్టుకోరాదని 1788లో చట్టం వచ్చింది. 1834లో ఒకటి, 1840లో ఒకటి వచ్చాయి. ఎవరూ లెక్కచేయలేదు. పొడవాటి కర్రలకు కట్టిన బ్రష్షులు అప్పటికే ఉన్నాయి. వాటికయ్యే ఖర్చు, ఇంటి గోడలో మార్పులకయ్యే ఖర్చు కంటే పిల్లవాడే చవక. 1875లో కేంబ్రిడ్జి దగ్గర ఫుల్‌బోర్న్ ఆసుపత్రి పొగగొట్టంలో ఇరుక్కుని జార్జ్ బ్రూస్టర్ అనే బాలుడు చనిపోయాక, షాఫ్ట్స్‌బరీ ప్రభువు పట్టుబట్టి తెచ్చిన చట్టంతో గానీ ఆ పాపం ఆగలేదు. అప్పటి నుంచి పొగగొట్టాలు తుడిచేవాళ్లు పోలీసుల దగ్గర లైసెన్సు తీసుకోవాల్సి వచ్చింది.

ఇంత పాత కథ ఎందుకంటే, అందులో మన ప్రశ్నకు సగం జవాబుంది. ఆ ఇళ్లవాళ్లు పొగగొట్టం తుడిపించుకున్నందుకు ఇచ్చింది కొన్ని చిల్లర నాణేలు. పనికయ్యే అసలు ఖర్చు మాత్రం ఎక్కడికీ పోలేదు. అది ఇంకెవరి ఒంట్లోనో పేరుకుంది. పని చవకగా దొరికినప్పుడల్లా మిగతా సొమ్ము ఎవరు కడుతున్నారని ఒకసారి చూసుకోవడం మంచిదని ఆ పసివాళ్లు నేర్పిపోయారు.

ఆ తర్వాత చలిదేశాలు ఈ పనిని గౌరవంలోకి తెచ్చుకున్నాయి. జర్మనీలో పొగగొట్టాలు చూసే మనిషికి జిల్లా అధికార హోదా ఉంది. ఒక్కో ప్రాంతానికి ఒక్కరు. ఏడేళ్ల నియామక కాలంలో రెండుసార్లు ప్రతి ఇంటి నిప్పు గూటినీ వచ్చి చూడాల్సిందే. తుడిచే పనికి నచ్చినవాళ్లను పిలుచుకునే వీలు 2013 నుంచి ఇంటివాళ్లకు వచ్చింది గానీ, చూసే అధికారం మాత్రం ఆయనదే. నల్లకోటు వేసుకున్న ఆ మనిషి కొత్త సంవత్సరం నాడు ఎదురైతే శుభమని అక్కడి నమ్మకం. మసి మనిషిని మంచి శకునం చేసుకున్న సమాజమది.

అమెరికాలో అంత కట్టడి లేదు. ఏడాదికొకసారి పొగగొట్టం చూపించుకోవాలని అగ్నిరక్షణ సంఘం ఎన్‌ఎఫ్‌పీఏ తన 211వ నంబరు ప్రమాణంలో చెబుతుంది. ఆ పరీక్షకు మూడు మెట్లు. పైకి కనిపించే భాగాలు చూడటం మొదటిది. ఇల్లు చేతులు మారినా, ఇంధనం మార్చినా, గొట్టంలో మంట లేచినా రెండో మెట్టు, లోపలికి కెమెరా దించి చూడటం. గోడ విప్పి చూడాల్సి వస్తే మూడోది. న్యూజెర్సీలోనో డెట్రాయిట్ పరిసరాల్లోనో ఇల్లు కొన్న తెలుగు కుటుంబానికి ఈ మెట్లన్నీ తొలి శీతాకాలంలోనే పరిచయమవుతాయి. అందం కోసం ఉందనుకున్న ఫైర్‌ప్లేస్‌లో కట్టెలు వెలిగించాలంటే ముందు తుడిచేవాళ్లకు ఫోన్ చేయాలి. ఊరిని బట్టి, పనిని బట్టి వంద, రెండొందల నుంచి నాలుగొందల డాలర్ల దాకా అవుతుంది. రూపాయల్లోకి మార్చి గుండె పట్టుకున్న అత్తమామలకు అల్లుడు చెప్పే సమాధానం ఒకటే, ఇల్లు కాలితే ఇంకా ఎక్కువవుతుందని. అందులో అతిశయోక్తి లేదు. పచ్చికట్టె కాలినప్పుడు లేచే ఆవిరి, చల్లటి గొట్టం గోడకు తగిలి క్రియోసోట్ అనే జిగటగా గడ్డకడుతుంది. అది మంచి ఇంధనం. ఒక రవ్వ చాలు, గొట్టమే పొయ్యి అవుతుంది. గూడు పెట్టిన పిట్టో, విరిగిన ఇటుకో దారి మూసేస్తే, వాసనా రంగూ లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రపోతున్న ఇంట్లోకి తిరిగొస్తుంది.

మన దేశంలో కథ తిరగబడి నడిచింది. చలిదేశాలకు పొగగొట్టం వెచ్చగా ఉండటానికి కావాలి. మనకు ఊపిరి తీసుకోవడానికి కావాలి. మన వంటిళ్లకు పొగగొట్టం లేదు. పెంకుల సందులు, గోడలోని చిన్న గవాక్షం, పొగచూరిన వాసాలు, అంతే. ఎర్రబడ్డ కళ్లతో ఊదుగొట్టం ఊదుతూ అమ్మలు తిన్న పొగకు లెక్క రాసినవాళ్లు లేరు. పొమ్మనలేక పొగబెట్టినట్టు అనే సామెత మగవాళ్ల నోట సరదాగా దొర్లుతుంది. పొగలోంచి లేచి పోవడానికి వీల్లేని మనిషి మాత్రం వంటింట్లోనే ఉండిపోయింది. బొగ్గు ఊళ్లలో ఇంకో రకం. కుంపటి, మరాఠీలో శెగడీ, వాకిట్లో రాజేసి, పొగ కాస్త తగ్గాక లోపలికి మోసుకొచ్చేవాళ్లు. సాయంత్రం అయిదింటికి గల్లీ అంతా ఒకేసారి పొగ ఎత్తేది.

ఈ పొగను చూసి ఊరుకోని మనుషులు కొందరున్నారు. బాబుపేట్‌కు మూడు నాలుగు గంటల ప్రయాణ దూరంలోపే వార్ధా ఉంది. అక్కడి మగన్‌వాడీలో గాంధీజీ పూనికతో 1934లో పుట్టిన గ్రామ పరిశ్రమల సంఘం, గానుగతో, చేతి కాగితంతో పాటు పొయ్యి గురించి కూడా ఆలోచించింది. మట్టితోనే కట్టుకుని పొగను గొట్టం గుండా బయటికి పంపే ‘మగన్ చూలా’ అక్కడిదే. హైదరాబాద్ ఇంజనీరింగ్ రిసెర్చ్ లేబొరేటరీస్‌లో డాక్టర్ ఎస్.పి. రాజు ఇదే పట్టుదలతో పనిచేశారు. ఒకే మంట మీద వరసగా గిన్నెలు ఉడికేలా, పొగ గొట్టంలోంచి పోయేలా ఆయన తయారుచేసిన పొయ్యికి ఆ ప్రయోగశాల పేరు మీదే ‘హెర్ల్ చూలా’ అని పేరు. ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’ అని 1953లో పుస్తకమూ వేశారు. వంతెనలు, ఆనకట్టలు కడితే పేరొచ్చే కాలంలో ఒక ఇంజనీరు పొయ్యి ముందు కూర్చున్న ఆడమనిషి కళ్లను తన లెక్కలోకి తీసుకున్నాడు. ఆ పేరు ఇవాళ ఎందరికి తెలుసు?

తర్వాత ప్రభుత్వమే పూనుకుంది. 1983లో మొదలైన జాతీయ పొయ్యిల కార్యక్రమం కింద దేశమంతటా మూడు కోట్లకు పైగా పొగరాని పొయ్యిలు పెట్టినట్టు లెక్కలు చెప్పాయి. ఊళ్లో మాత్రం రెండేళ్లు తిరక్కుండానే అవి పక్కకు పోయాయి. గొట్టం పూడుకుపోయేది, లేదా పగిలేది. పొగ వెనక్కి కొట్టేది. కొత్త పొయ్యి ఇచ్చినవాళ్లు దాని లోపలి మసి ఎవరు గోకాలో, ఎన్నాళ్లకొకసారి గోకాలో చెప్పడానికి మళ్లీ రాలేదు. 2002లో కార్యక్రమానికే తెరపడింది.

ఒడిశా పల్లెల్లో ఇదే సంగతిని కొలిచి చూశారు. రెమా హన్నా, ఎస్తర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు రెండున్నర వేలకు పైగా ఇళ్లను నాలుగేళ్ల పాటు గమనించారు. ఇంటివాళ్లు మట్టి, శ్రమ, మేస్త్రీకి ఒక చిన్న మొత్తం ఇచ్చుకుంటే చాలు, గొట్టమున్న పొయ్యి వచ్చేది. మొదటి ఏడాది ఆడవాళ్లు పీల్చే పొగ తగ్గింది. రెండో ఏడు నుంచి ఆ తేడా మాయమైంది. పొయ్యిలు బీటలిచ్చాయి, గొట్టాలు తుడిచేవారు లేరు, వాడకమే తగ్గిపోయింది. ఆరోగ్యంలో గానీ, కట్టెల ఖర్చులో గానీ చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ఇల్లు అలకగానే పండగ కాదని మనవాళ్లు ఎప్పుడో అన్నారు. చిమ్నీ కట్టగానే పొగ పోదని ఆ నాలుగేళ్ల కొలతలు మళ్లీ చెప్పాయి.

గ్యాస్ రావడంతో ఆ బాధ చాలా ఇళ్లలో తీరింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్వల. కట్టెల కోసం అడవికి వెళ్లే పని తగ్గింది. తాడోబా పులుల అడవి అంచునున్న చంద్రపూర్ జిల్లా పల్లెలకు ఆ మాట అర్థం వేరు. అయితే గ్యాస్ మంటకు పొగ లేకపోయినా మన వంటకు పొగ ఉంది. ఎండుమిర్చి తాలింపు, చేపల వేపుడు, పండగపూట గారెల నూనె. ఆ నూనె ఆవిరి గోడల మీద, డబ్బాల మూతల మీద జిగటగా దిగుతుంది. దాన్ని పట్టుకోవడానికే ఈ కరెంటు చిమ్నీ.

ఇక బిల్లు సంగతి. మన పట్టణాల్లో మామూలు సర్వీసుకు ఐదారు వందలు, పూర్తిగా విప్పి కడిగే పెద్ద సర్వీసుకు వెయ్యి, పదిహేను వందల దాకా అడగడం చూస్తున్నాం. ఇది ఎక్కువా తక్కువా అన్నది ఏం చేశారన్న దాన్ని బట్టి ఉంటుంది. చిమ్నీలో మసి చేరే చోట్లు మూడు. ముందుండే జాలీ, లోపలి మోటారు ఫ్యాను, బయటికి పోయే గొట్టం. జాలీని పదిహేను రోజులకొకసారి వేడినీళ్లు, వంటసోడా, గిన్నెల సబ్బుతో మనమే కడుక్కోవచ్చు. దానికి ఎవరికీ రూపాయి ఇవ్వనక్కర్లేదు. ఫ్యాను, గొట్టం మాత్రం తెలిసిన చేతులు విప్పాల్సినవి. ఏడాదికి ఒకసారి, వేపుళ్లు ఎక్కువుండే ఇంట్లో రెండుసార్లు. పైపైన తుడిచి, కొంచెం మెరుగు పెట్టి, మసిపూసి మారేడుకాయ చేసి వెళ్లిపోతే మూడు వందలైనా దండగే. గొట్టం దాకా వెళ్లి, తిరిగి బిగించి, పొయ్యి వెలిగించి ఒక కాగితం ముక్క జాలీకి అంటుకుంటోందో లేదో చూపించి వెళితే వెయ్యి రూపాయలు న్యాయమే. పని మొదలుపెట్టేముందే ఏవేవి విప్పుతారు, సామాను మారిస్తే ధర వేరా అని రెండు ముక్కలు అడిగి ఉంచుకుంటే చివర్లో ముఖాలు చిన్నబోవు.

‘ఆటో క్లీన్’ అని రాసి ఉన్న చిమ్నీలను చూసి ఇక చింత లేదనుకునేవాళ్లున్నారు. లోపలి వేడికి నూనె కరిగి చిన్న గిన్నెలోకి జారుతుంది, నిజమే. ఆ గిన్నెను తీసి పారబోయాల్సింది మనమే. గొట్టంలోని మసికి ఆ మీట సంగతి తెలియదు. గొట్టమే లేకుండా బొగ్గు ఫిల్టరుతో గాలిని ఇంట్లోకే తిప్పి పంపే రకమైతే, ఆ ఫిల్టరు కడిగితే పనికిరాదు, మార్చాల్సిందే. పొయ్యి దగ్గరి గ్యాసు గొట్టానికీ ఆయుష్షు ఉంది. ఐదేళ్లు. దాని మీద అచ్చువేసిన తేదీ చదవడానికి కళ్లద్దాలు తప్ప ఇంకేం ఖర్చు కాదు.

ఆ కుర్రాడి వైపు నుంచీ చూద్దాం. అతను వాడే ఘాటైన క్షారం చేతులను కాలుస్తుంది. నిచ్చెన మీద నిలబడి, తల వంచి, కళ్లలో మసి పడుతుండగా పనిచేస్తాడు. ఎండలు మండే చంద్రపూర్‌లో ఫ్యాను ఆపి మరీ చేస్తాడు, మసి ఎగరకూడదని. అతనికి గ్లౌజులు, కళ్లద్దాలు కొనుక్కునేంత కూలి ఆ ఎనిమిది వందల్లో ఉందా? కంపెనీ వాటా, ప్రయాణం ఖర్చు పోగా అతనికి మిగిలేదెంత? బేరమాడే హక్కు మనకుంది. ఆడేముందు ఆ లండన్ పిల్లలను ఒకసారి తలచుకుంటే చాలు.

బాబుపేట్ నుంచి ఈ ముచ్చట ఇంకొక అడుగు ముందుకు పోకుండా ఆగదు. చిమ్నీ పొగను మన వంటింట్లోంచి బయటికి నెడుతుంది. బయట అంటే పక్కింటి కిటికీ. ఇంకా పొడుగు గొట్టం కడితే ఇంకో ఊరు. కెనడాలోని సడ్‌బరీలో 1970ల తొలినాళ్లలో 381 మీటర్ల పొగగొట్టం కట్టి ఊరి గాలిని తేలికపరచుకున్నారు. బరువు గాలివాటున ఉన్న దూరపు చెరువుల మీద పడింది. ఈ చంద్రపూర్‌కు కూడా తన పెద్ద చిమ్నీలున్నాయి. 1980లలో మొదలై నేడు 2,920 మెగావాట్ల సామర్థ్యంతో ఉన్న రాష్ట్ర ప్రభుత్వ విద్యుత్ సంస్థ మహానిర్మితి థర్మల్ కేంద్రం రాష్ట్రంలోని పెద్ద విద్యుత్ కేంద్రాల్లో ఒకటి. గనులు, సిమెంటు, కాగితం, విద్యుత్తు కలిసి ఈ జిల్లాకు జీతాలిచ్చాయి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క తీస్తే దేశంలోని పారిశ్రామిక ప్రాంతాల్లో చంద్రపూర్ నాలుగో స్థానంలో, 83.88 మార్కులతో నిలిచింది. మార్కులు ఎక్కువ వస్తే బాధపడాల్సిన పరీక్ష అది. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలోనూ ఈ ఊరి పేరుంది.

ఆ పెద్ద చిమ్నీలకూ తుడిచే యంత్రాలున్నాయి. బూడిదను విద్యుత్ పలకలతో పట్టేవి ఒక రకం. గంధకపు వాయువును సున్నపురాయి నీళ్లతో కడిగేవి ఇంకో రకం. బొగ్గు విద్యుత్ కేంద్రాల గంధకపు వాయువుకు 2015 డిసెంబరులో కేంద్రం హద్దులు పెట్టింది. గడువు రెండేళ్లు. ఆ గడువు జరుగుతూ జరుగుతూ వచ్చింది. మన బొగ్గులో గంధకం తక్కువని, యంత్రాలు పెడితే కరెంటు ధర పెరుగుతుందని వాదనలు వచ్చాయి. 2025 జూలైలో చాలా కేంద్రాలకు గంధకపు హద్దుల నుంచి మినహాయింపు దొరికింది. తీవ్ర కాలుష్య ప్రాంతాల దగ్గరున్న కేంద్రాల సంగతి ఒక్కొక్కటిగా చూసి తేలుస్తామన్నారు. నిపుణుల వాదనల్లో ఎటు ఎంత బలముందో తేల్చడం ఈ చిన్న వ్యాసం పని కాదు. ఒక పోలిక మాత్రం కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది. గింత మసి తుడిస్తే ఇంతా అని బాబుపేట్ వంటింట్లో ఇంటాయన అడిగిన ప్రశ్నే ఢిల్లీలోనూ అడిగారు. ఇంటాయన చివరికి డబ్బిచ్చి పంపాడు.

చిన్న చిమ్నీకి తన జేబులోంచి ఖర్చు పెట్టే ఇంటికి, పెద్ద చిమ్నీ సంగతి ఏమైందని అడిగే చనువు దానంతటదే వస్తుంది. తన ఇంటి గొట్టం నాలుగేళ్లుగా విప్పని మనిషి గొంతుకు ఆ బలం ఉండదు. ఊళ్లో గాలి కొలిచే పరికరం ఏం చెబుతోందో చూడటం, వార్డు సభలో అడగటం, రాత్రిపూట చెత్త తగలబెడుతుంటే ఆపటం, ఇవన్నీ వంటింటి జాలీ కడగడంతో మొదలయ్యే అలవాటుకు కొనసాగింపులే. ఇంట్లో ఈ ఖర్చు ఎవరు నిర్ణయిస్తున్నారో కూడా చూసుకోవాలి. పొయ్యి ముందు నిలబడేది ఒకరు, బిల్లు చూసి ముఖం చిట్లించేది ఇంకొకరు అయినప్పుడు గొట్టం విప్పే తేదీ వాయిదా పడుతూనే ఉంటుంది.

బాబుపేట్ ఇళ్లలో గోడకు క్యాలెండర్ ఉంటుంది. కొన్నింట్లో రెండు, తెలుగుదొకటి, మరాఠీదొకటి. పాలవాడు రాని రోజులు, కొత్త సిలిండర్ బిగించిన తేదీ ఇల్లాలు దాని మీదే రాసి పెడుతుంది. ఈ నెల సిలిండర్ తేదీ పక్కన ఇంకో రెండు మాటలు రాయండి, చిమ్నీ విప్పించిన తేదీ, మళ్లీ విప్పించాల్సిన తేదీ. ఆ రోజు వచ్చిన కుర్రాడికి పనికి ముందు ఒక గ్లాసు చల్లటి నీళ్లు ఇవ్వండి, పనయ్యాక అడిగిన కూలి ఇవ్వండి.